తెర గాదు, అది మందు

(హనుమకొండల ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, కొంతమంది డిగ్రీ పిల్లల ముందు ఆగస్టు 20న ఒక రిటైర్డ్ మలేరియా సూపర్‌వైజర్ దోమతెరల గురించి మాట్లాడింది ఇది. ఫోన్ల రికార్డ్ చేసి రాసినం, ఆయన మాట ఎట్లుందో అట్లనే ఉంచినం.)

అందరికి నమస్తే. ఎనక కూసున్నోళ్లకు వినవడుతుందా? ఆ, సరే. నేను డాక్టర్‌ను గాదు, ముందే చెప్తున్న, బ్యానర్ మీద డాక్టర్ అని రాసిండ్రు, అది తప్పు. ఏటూరునాగారం, తాడ్వాయి, వాజేడు, మంగపేట దిక్కు మలేరియా డ్యూటీ చేసినోన్ని నేను. గూడేలల్ల నా పేరు ఎవ్వరికి ఎరుక లేకుండె, మలేరియా సారొచ్చిండు అనేటోళ్లు, పిలగాండ్లైతే సూది సారొచ్చిండని ఉరికి చెట్టెక్కేటోళ్లు, ఎందుకంటే వేలు పొడిచి నెత్తురు తీసి స్లైడ్ మీద రాస్తుంటిమి గదా.

ఇయ్యాల తారీఖు ఆగస్టు 20. ఈ తారీఖుకు మనకు సంబంధం ఉంది. 1897ల ఇదే రోజు మన సికింద్రాబాద్‌ల, బేగంపేట దగ్గర, రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టర్ ఒక దోమ కడుపు కోసి మైక్రోస్కోప్ కింద వెట్టి సూస్తే అండ్ల మలేరియా పురుగు కనవడ్డది. అప్పటిదాంక చెడ్డగాలితోని వస్తది, పాచి నీళ్లతోని వస్తది అనుకునేటోళ్లు. 1902ల ఆయనకు నోబెల్ ఇచ్చిండ్రు. ఆ దోమ ఎవరి నెత్తురు తాగిందంటే హుస్సేన్ ఖాన్ అనే పేషెంట్‌ది. ఆయనను తెర లోపల పండవెట్టి, దోమల్ని తెర లోపలికే ఇడిచి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ఇచ్చిండ్రు. (నవ్వులు) నవ్వకుండ్రి, పాపం. అంటే మన దగ్గర మలేరియా కథ దోమతెరతోనే షురువైంది, కాకపోతే దోమల్ని బయటికి వెళ్లకుండ ఆపనీకి కట్టిన తెర అది.

ఇప్పుడు మనం ఇచ్చే తెర సంగతికొస్త. నేను ఇన్నేండ్లు తిరిగి తెలుసుకున్నది ఒక్కటే, జనానికి మనం దోమతెర అని చెప్పి ఇచ్చుడే తప్పు జేసినం. తెర అంటే వాళ్లు ఏమనుకుంటరు? పరదా. పరదా చినిగితే పారేస్తరు, మాసితే ఉతుకుతరు, కిటికీకి కడ్తరు, ఉక్కపోస్తే తీసేస్తరు. అది పరదా గాదు, అది మందు. మందును ఎట్ల వాడుతరో అట్ల వాడాలె.

ఉత్త తెర, అంటే బజార్ల కొన్న మందు లేని తెర, దానితోని ఏమైతది? దోమకు మీకు నడుమ జాలి ఉంటది అంతే. రాత్రి నిద్రల చెయ్యి పోయి తెరకు ఆనుకుంటే బయటినుంచే కుడ్తది. ఒక్క చిరుగు ఉంటే సాలు లోపలికొస్తది, వచ్చినాక బయటికి పోవుడు దానికి రాదు, పొద్దుగాల సూస్తే లోపల్నే ఎర్రగ ఉబ్బి కూసుంటది. మందు తెర అట్ల గాదు. దోమ వచ్చి తెర మీద వాలంగనే కాళ్లకు మందు అంటుకుంటది. చిరుగు ఎతుక్కుంట తిరిగినా కొద్ది గంటలు గాదు, నిమిషాలల్లనే దాని నరాలు గుంజుకపోయి కింద పడ్తది. కొన్ని మందు తగలంగనే ఇంటి బయటికి తిరిగి పోతయ్.

ఆ మందేంది అంటే, మీల ఎవరింట్లనన్న పత్తి ఉందా? చేతులు లేపుండ్రి. ఓ, సగం మంది. ఇగ మీకు నేను చెప్పేదేం లేదు, మీకు నాకంటె ఎక్కువ ఎరుక. సైపర్‌మెత్రిన్ కొట్టిండ్రా లేదా? డెసిస్ కొట్టిండ్రా లేదా? డెసిస్ అంటే డెల్టామెత్రిన్. దోమతెరల ఉండేది గదే. కొన్నిటికి పర్మెత్రిన్, కొన్నిటికి ఆల్ఫా సైపర్‌మెత్రిన్, అన్ని ఒక్క కుటుంబమే, పైరెత్రాయిడ్స్ అంటరు. పంట మీద కొట్టేదానికి దీనికి తేడా ఏందంటే ఇది మస్తు తక్కువ మోతాదు, తెర పోగులనే పట్టిచ్చి ఉంటది, మనిషికి ఏం గాదు, కొత్తగ తీసిన రోజు మొఖం జర సురసుర అంటది, కండ్లు మండుతయ్, అందుకే ప్యాకెట్ ఇప్పినంక ఒక రోజు నీడకు ఆరవెట్టుమంటం. మనుషులకు, పశువులకు ఏం గాదు గని చేపలకు మాత్రం విషమే, ఆ తెరను వాగుల ఉతుకొద్దు, ఉతికిన నీళ్లు కుంటల పొయ్యొద్దు. లక్నవరం చెరువు కట్ట కింద ఉండేటోళ్లకు ఈ ముక్క రెండు సార్లు చెప్పుండ్రి.

మొదట్ల, ఈ కంపెనీ తెరలు రాకముందు, మేమే ముంచేది. ఊరి బడి ముంగట బకెట్లు వెట్టి, చేతులకు రబ్బరు గ్లౌజులు తొడిగి, ఎవరి తెర వాళ్లు తెచ్చుకుంటే డెల్టామెత్రిన్ నీళ్లల్ల ముంచి, పిండి, నీడకు పరిచేది. ఆరు నెల్లకోసారి మళ్ల ముంచాలె. మేం ముంచి పోతుంటిమి, మేం గుట్ట దిగకముందే ఆ ఇంటామె వాసనొస్తుందని సబ్బు పెట్టి ఉతికి ఆరేసేది. ఆమె తప్పు గాదు, మేం చెప్పలే సక్కగ. నేను స్వయంగ ఒక గూడెంల, కొత్త తెర గదమ్మా ఉతికి వాడుకో అన్నోన్ని. అవును, నేనే అన్న. ఎవరి ముందట చెప్పలేదు ఇన్నేండ్లు. తర్వాత ఈ ఎల్‌ఎల్‌ఐఎన్‌లు వచ్చినయ్, అంటే పోగుల లోపల్నే మందు ఉంటది, పైది పోతే లోపలిది మెల్లగ పైకి వస్తది, ఇరవై సార్లు ఉతికినా పనిచేస్తదని పరీక్ష పెట్టి పాస్ చేస్తరు, మూడేండ్ల లెక్క. అది ల్యాబ్ లెక్క, మన ఇండ్లల్ల బండకు కొట్టి ఉతికితే మూడేండ్లు ఎక్కడిది. ఉత్త నీళ్లు, మామూలు సబ్బు, బ్లీచింగ్ వద్దు, ఎండకు ఆరెయ్యొద్దు.

ఇప్పుడు నేను చెప్పబోయేది జర మనసు పెట్టి వినుండ్రి, డిగ్రీ పిల్లలు మీరు కూడ, ఫోన్లు పక్కకు పెట్టుండ్రి. దోమ ఒక మలేరియా మనిషిని కుట్టంగనే రెండో మనిషికి అంటియ్యదు. దాని కడుపుల ఆ పురుగు పెరిగి, లాలాజలంలకు రావాలంటే పది పన్నెండు రోజులు, కొన్నిసార్లు ఇంకో రెండు రోజులు ఎక్కువనే పడ్తది. అన్ని రోజులు బతికిన ముసలి దోమనే మనకు శత్రువు, పిల్ల దోమ గాదు. ఆడ దోమ గుడ్లు పెట్టనీకి రెండు మూడు రోజులకోసారి నెత్తురు తాగాలె. అంటే పురుగు తయారయ్యేలోపల అది కనీసం నాలుగు సార్లు మనిషి దగ్గరికో పశువు దగ్గరికో రావాలె. వచ్చిన ప్రతిసారి మందు తెర మీద వాలితే? నాలుగు సార్లు తప్పించుకుని బతుకుడు అయ్యే పనేనా? అందుకే తెర కుట్టకుండ ఆపుడు ఒక ఎత్తు, దోమకు ముసలితనం రాకుండ చేసుడు ఇంకో ఎత్తు. ఆ రెండోది ఉత్త తెర చెయ్యలేదు.

దీంతోని ఇంకోటి అయితది. మీ వాడల పది ఇండ్లుంటే ఎనిమిది ఇండ్లల్ల మందు తెరలు కట్టుకున్నరనుకో, తెర లేని ఆ రెండు ఇండ్లకు కూడ జ్వరాలు తగ్గుతయ్, ఎందుకంటే ముసలి దోమలే లేకపాయె. ఆఫ్రికాల, కెన్యా పడమటి దిక్కు దీన్ని కొలిచి సూసిండ్రు, తెరలున్న ఊరికి మూడు వందల మీటర్ల లోపల ఉన్న తెరల్లేని ఇండ్ల పిల్లలకు కూడ లాభమైంది. పత్తిల మనకు ఉల్టా తెలుసు గదా, పక్కోడు మందు కొట్టకపోతే వాని చేన్ల పురుగు మన చేన్లకు వస్తది. ఇది దానికి తిరుగేసిన లెక్క.

చిన్న పిల్లల సంగతి. 1990లల్ల గాంబియా, ఘనా, బుర్కినా ఫాసో, కెన్యా దేశాలల్ల పెద్ద పెద్ద పరీక్షలు పెట్టిండ్రు, కొన్ని ఊర్లకు మందు తెరలిచ్చి, కొన్నిటికి ఇయ్యకుండ, ఐదేండ్ల లోపు పిల్లల సావులు లెక్కవెట్టిండ్రు. అన్ని కలిపి సూస్తే ఏ రోగంతోనైనా గాని మొత్తం పిల్లల సావులు 17 శాతం తగ్గినయ్, మలేరియా జ్వరాలైతే సగానికి సగం. వెయ్యి మంది పిల్లలు తెరల పండితే ఏడాదికి ఐదారుగురు పిల్లలు బతుకుతరు అని లెక్క. ఐదారుగురేనా అనొద్దు. మీ సెంటర్ల ఎంతమంది పిల్లలున్నరు, మీ మండలంల ఎంతమంది, గుణించుకోండ్రి.

2023ల ప్రపంచం మొత్తం మీద 26 కోట్ల పైన మలేరియా కేసులు, దగ్గర దగ్గర 6 లక్షల సావులు, దాదాపు అన్నీ ఆఫ్రికాలనే, అక్కడ సచ్చిన నలుగురిల ముగ్గురు ఐదేండ్ల లోపు పిల్లలే. ఎందుకు పిల్లలే అంటే, పుట్టినంక కొన్ని నెల్లు తల్లి నుంచి వచ్చిన రక్షణ ఉంటది, అది పోతది, వానికి సొంత రక్షణ రానీకి మళ్ల మళ్ల జ్వరం తగిలి ఏండ్లు పడ్తది, ఆ నడుమ కాలమే గండం. పురుగు నెత్తురు కణాలు పగలగొట్టుకుంట పోతది, మన గూడేలల్ల పిల్లలకు ముందే నెత్తురు తక్కువ, పాలిపోయి ఉంటరు, ఇంకింత పోతే ఏముంటది. నెత్తురుల చక్కెర పడిపోతది. ఫాల్సిపారం అనే రకం మలేరియా పురుగైతే మెదడుకెక్కి ఫిట్స్ వస్తయ్, పిలగాడు కొట్టుకుంటుంటే గాలి సోకిందని గూడెంల పూజ చేసే వడ్డె దగ్గరికి తీస్కపోతరు. వడ్డెను తిట్టుకుంట కూసుంటే లాభం లేదు, నేను వడ్డెకే స్లైడ్ తీసిన, ఆయనకే పాజిటివ్ వచ్చింది, అప్పటిసంది ఆయన దగ్గరికి వచ్చిన పిల్లల్ని కాలుతున్న పెయ్యి సూసి మా దగ్గరికి తోలేటోడు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగ చెప్పాలె, ఆఫ్రికా లెక్క ఇక్కడ అట్లనే పెట్టి మీకు అబద్ధం చెప్పను. అక్కడి దోమ మనిషినే ఇష్టపడ్తది, అర్ధరాత్రి ఇంట్లకొచ్చి కుడ్తది, తెరకు దొరుకుతది. మన ఊర్లల్ల మలేరియా అంటిచ్చే క్యూలిసిఫేసిస్ అనే దోమ పశువుల మీదనే ఎక్కువ బతుకుతది, గొడ్ల కొట్టంల ఉంటది. గుట్టల మీద, పారే వాగుల దగ్గర ఫ్లూవియాటిలిస్ అని ఇంకోటి ఉంటది, అది మనిషి మీదికే వస్తది. మన దగ్గర మలేరియా ఆఫ్రికా అంత లేదు గాబట్టి పెద్దోళ్లకు కూడ రక్షణ లేదు, అందరు పడ్తరు, పిల్లలు తొందరగ పడ్తరు అంతే తేడా. ఇగ మన మనుషులు ఎక్కడ పంటరు? ఎండాకాలం వాకిట్ల, పంట కోతకు కల్లంల, మక్క చేన్ల పందుల కావలికి మంచె మీద. తెర ఇంట్ల ఉంటది, మనిషి మంచె మీద ఉంటడు. గొత్తికోయలైతే ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడివిల గుడిసెలు ఏసుకుంటరు, గోడలే ఉండయ్, తడకలు, మందు స్ప్రే చేయనీకి గోడ లేదు, మరి వాళ్లకు తెర తప్ప ఏముంది?

తొట్టెల సంగతి ఎవరన్న ఆలోచించిండ్రా? తల్లి పొద్దుగూకంగనే పిల్లగాన్ని చీర తొట్టెల్ల ఏసి వంటకాడ కూసుంటది. పెద్దోళ్లు తిని, ముచ్చట పెట్టి, మంచాలేసి తెర కట్టేసరికి తొమ్మిది పది అయితది. అంటే తెర అందరికంటె ముందు ఎవరికి కావాలెనో వాళ్లకు రెండు మూడు గంటలు తెర లేదు. ఇది నాకు ఎవరు చెప్పలే, ఒక ఆశా అమ్మనే సూపిచ్చింది, తాడ్వాయి దిక్కు. సారూ మీరు పెద్దోళ్ల మంచాలు లెక్కవెడ్తున్నరు, తొట్టెలలు లెక్కవెడ్తలేరు అన్నది. నా రిజిస్టర్ల మంచానికో తెర అని కాలమ్ ఉంటది, తొట్టెలకు కాలమే లేదు. హాస్టళ్లల్ల ఇంకో గోస, ఒకని మీద ఒకని మంచం, తెర కట్టనీకి మొల లేదు.

స్ప్రే ముచ్చట కూడ కొంచెం. మీ అమ్మలకు యాది ఉంటది, డీడీటీ కొట్టి గోడ మీద తారీఖు రాసి పోయేటోళ్లు. 1953ల దేశం మొత్తం షురూ చేసిండ్రు, 1965 నాటికి కేసులు లక్షకు దిగినయ్, అయిపోయిందనుకున్నరు, ఇంక మలేరియానే ఉండదన్నరు. 1976ల 64 లక్షలు. ఎందుకయ్యింది, సవాలక్ష కారణాలు, మందుకు దోమ అలవాటు పడ్డది, పైసలు పక్కకు పోయినయ్, పట్టు తప్పింది. ఊర్లల్ల ఏమయిందో నేను సూసింది చెప్త. మొదట్ల డీడీటీ కొడ్తే నల్లులు కూడ సచ్చినయ్, జనం రా రా అని పిలిచిండ్రు. తర్వాత నల్లులు సావలే, ఇగ ఎందుకని తలుపు తియ్యలే. దేవుని అర్రల వద్దన్నరు, వంటింట్ల వద్దన్నరు, కొట్టిపిచ్చుకున్నోళ్లు దసరా వస్తుందని మట్టితోని అలికి సున్నం ఏసిండ్రు, మందు సున్నం కింద పండుకున్నది. (నవ్వులు)

తెరను కూడ అట్లనే ఇంకోదానికి వాడుకుంటరు. మంగపేట దిక్కు ఒక ఊర్ల పంచిన మూడు నెల్లకు పోయి సూస్తే ఒక్కాయన ఇంట్ల ఒక్క తెర లేదు, ఎనక పెరట్ల మిర్చి నారు మడి మీద చక్కగ కట్టి ఉన్నది, నాలుగు మూలల కర్రలు పాతి, అంచులు మట్టిల తొక్కి, ఎంత మంచిగ కట్టిండంటే మంచం మీద అట్ల కట్టినోన్ని నేను సూడలే. నాకు కోపమొచ్చింది, లొల్లి పెట్టిన. ఆయన మెల్లగ అన్నడు, సారు, నారు పోతే ఏడాది పోతది, జ్వరమొస్తే గోలి ఉంటది. నేను ఏం జవాబు చెప్పాలె? ఆయన లెక్క తప్పు గాదు, ఆయనకు మేం చెప్పిన లెక్కనే తక్కువ. నారుకు నైలాన్ తెర దొరుకుతది, మందు లేనిదైనా నడుస్తది, పిలగానికి నడవదు. గా మాట గప్పుడు నాకు తట్టలే.

సరే ఇగ దోమ మందుకు అలవాటు పడుడు సంగతి. మీరు పత్తోళ్లు, 1997-98ల మన వరంగల్ల ఏమయిందో నేను చెప్పొద్దు, ఎంతమంది ఇండ్లు ఆరిపోయినయో. కొట్టిన మందే కొట్టి, డబుల్ డోస్ కొట్టి, రెండు మూడు కలిపి కొట్టి, పురుగు సావలే. దోమ కూడ పురుగే. పైరెత్రాయిడ్‌కు ఆఫ్రికాల దోమలు గట్టివడ్డయ్, మన దగ్గర కూడ చాన చోట్ల క్యూలిసిఫేసిస్ గట్టివడ్డది. పైగ మనం చేన్ల కొట్టేది అదే మందు, దోమ గుడ్డు పెట్టేది అదే పొలం నీళ్లల్ల. దానికి ఇప్పుడు రెండు తొవ్వలు తీసిండ్రు. ఒకటి, తెరల పీబీఓ అని కలుపుతరు, దోమ ఒంట్ల మందును అరిగిచ్చుకునే శక్తిని అది ఆపుతది. రెండోది, క్లోర్‌ఫెనాపిర్ అనే ఇంకో మందు కలిపిన తెరలు, మిర్చిల నల్లికి కొడ్తరు సూడు, గదే, అది నరాల మీద గాదు, ఒంట్ల బలం తయారయ్యే కాడనే కొడ్తది. ఈ రెండో రకం తెరల్ని 2023ల ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడుమన్నది. ఈ రెండు రకాలు పైరెత్రాయిడ్ ఒక్కటే ఉన్న తెర కంటె ఖర్చెక్కువ.

ఏమన్న అడుగుతరా? ఆ, చెప్పమ్మా.

(ఒక ఆశా కార్యకర్త: తెరలు వాడినా పిల్లలకు రెండు నెల్లకోసారి జ్వరం మళ్ల వస్తుంది సారు, మందు పనిచేస్తలేదని తల్లులు మమ్మల్ని అంటున్నరు.)

మంచిగ అడిగినవ్. అది కొత్త దోమ కుట్టింది గాకపోవచ్చు. వైవాక్స్ అని ఇంకో రకం మలేరియా పురుగు ఉంటది, అది లివర్ల దాసుకుంటది, నెల్ల తర్వాత లేస్తది. క్లోరోక్విన్ మూడు రోజులు ఏస్తే జ్వరం పోతది, దాసుకున్నది పోదు. దానికి ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు ఏయాలె, ఏడాది లోపు పిల్లలకు, గర్భిణులకు ఇయ్యరు. నాలుగో రోజు పెయ్యి సల్లగయితే గోలీలు చూరుల చెక్కుతరు. రోజు పొయ్యి నీ ముందట మింగిపిచ్చాలె, ఇంకో తొవ్వ లేదు. కొంతమంది గిరిజన పిల్లలకు నెత్తురు కణాలను కాపాడే జీ6పీడీ అనేది తక్కువుంటది, వాళ్లకు ఆ గోలితోని నెత్తురు విరుగుతది, మూత్రం నల్లగ వస్తే ఆపి డాక్టర్ దగ్గరికి తోలు. జ్వరం ఏదైనా గాని కిట్‌తోని పరీక్ష అదే రోజు, ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కిచ్చుకుని మూడు రోజులు చూసుడు వద్దు.

(డిగ్రీ విద్యార్థి: టీకా వచ్చింది గదా సర్, ఇంక తెరలెందుకు?)

వచ్చింది బిడ్డా, రెండు వచ్చినయ్, ఒకటి 2021ల, ఇంకోటి 2023ల ఒప్పుకున్నరు, రెండోది మన పుణెల తయారైతది. అవి ఆఫ్రికా పిల్లలకు, ఫాల్సిపారంకు. వైవాక్స్‌కు పని చెయ్యయ్. అక్కడ కూడ టీకా ఏసి తెర తీసెయ్యమని ఎవ్వరు చెప్పలే.

సరే, మాటలు బంద్ చేద్దాం, తొట్టెలకు తెర ఎట్ల కట్టాలెనో కట్టి సూపిద్దాం. ఆ చీర తెచ్చిండ్రా? ఇద్దరు రాండ్రమ్మా. కిటికీ కడ్డీకి ఒక కొస, ఈ తలుపు గొళ్లానికి ఒక కొస, గట్టిగ. ఇప్పుడు తెరను తొట్టెల తాడు మీదికెల్లి దించు, కిందికి, ఇంక కిందికి, తొట్టెల ఊగితే గుడ్డకు తెర ఆనొద్దు, అందుకే ఎడంగ ఒక జేనెడు పుల్ల పెట్టు నడుమల. కింద అంచులను ముడేసి సంచి లెక్క కట్టెయ్. గాలి ఆడుతుందా సూడు. ఇప్పుడు ఊపు.